కార్పెట్ ఎత్తి చూడని కారు

ఏప్రిల్ 2

ఈ డైరీ ఆఫీసు వాళ్లిచ్చింది. పదవీ విరమణ రోజున ఒక గోడ గడియారం, ఈ డైరీ చేతిలో పెట్టి పంపించారు. అట్ట మీద 'మీ నమ్మకమే మా పునాది' అని బంగారు అక్షరాలు. ముప్పై రెండేళ్లు గుద్దుకున్న కార్ల చుట్టూ తిరిగి ఇన్సూరెన్స్ రిపోర్టులు రాసి రాసి వేళ్లు వంకరపోయినవాడికి ఇంకో రాత పుస్తకం!

నా అంతట నేను తెచ్చుకున్నది ఒకటుంది. నా పంచి. వేలెడంత ఉక్కు ముక్క, మొన మీద త్రికోణంలా మూడు చుక్కలు. దెబ్బతిన్న భాగాన్ని చూసి, రాసుకున్నాక, దాని మీద పంచి ఆనించి సుత్తితో ఒక్కటి వేసేవాణ్ణి. అదే భాగాన్ని గ్యారేజీ వాళ్లు ఇంకో కారుదని చూపించి మళ్లీ క్లెయిము చేయకుండా. ప్రతి సర్వేయరుకీ ఒక గుర్తు ఉంటుంది. నాది మూడు చుక్కలు. చిన్నప్పుడు అమ్మాయి ఆదివారాలు నా వెంట యార్డుకి వచ్చి సుత్తి పట్టుకుని నిలబడేది. "మా నాన్న చుక్కలు పెడితే ఇంకెవరూ అబద్ధం చెప్పలేరు" అని బళ్లో కూడా చెప్పుకునేదట.

ఇప్పుడు దానికి ఇరవై ఎనిమిదేళ్లు. డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. రోజుకి ఎనిమిది మంది భయస్తుల పక్కన కూర్చుని ఇంటికి నవ్వుతూ వస్తుంది. నాకంటే గట్టి గుండె.

"ఖాళీగా ఉన్నారు కదా, రాసుకోండి. నన్ను మాత్రం సర్వే చేయకండి" అంది మా ఆవిడ.

ఏప్రిల్ 9

ఇంట్లో చెప్పేశాను. పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొంటున్నానని. విదేశీది. ఇద్దరే కూర్చునేది.

ఆవిడ గరిటె దించి, "ఇంట్లో ముగ్గురం ఉన్నాం. నేనెక్కడ కూర్చోను, ఇంజను మీదా?" అంది.

"ఇంజను వెనక ఉంటుంది. డిక్కీ ముందుంటుంది."

"బాగుంది. తలకిందుల సంసారం."

నవ్వుకోనీ. ముప్పై రెండేళ్లు ఊరందరి కార్లూ చూసి, సాయంత్రం ఆఫీసు వాళ్లిచ్చిన డొక్కు బండిలో ఇల్లు చేరాను. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, నాది అని ఉండకూడదా?

ఏప్రిల్ 17

రెండు చూశాను. తెల్లది తలుపు తీయగానే తడి గోనెసంచి వాసన. వరద నీళ్లలో మునిగిన బండి. సీటు బెల్టు చివరిదాకా లాగి చూపిస్తే అమ్మేవాడి ముఖం మాడిపోయింది. బెల్టు చివర బురద గీత. అంతా కడుగుతారు, అది మర్చిపోతారు. ఎర్రది తిరిగింది తక్కువేనని మీటరు చెబుతోంది. బ్రేకు పెడల్ రబ్బరు మాత్రం అరిగి నున్నగా ఉంది. పెడల్ అబద్ధం చెప్పదు.

నన్నెవడూ మోసం చేయలేడు. ఈ ఊళ్లో కాదు, ఎక్కడా చేయలేడు.

ఏప్రిల్ 24

నీలం రంగుది చూశాను. పన్నెండేళ్ల బండి. పళ్ల డాక్టరు ఒకాయన అమ్ముతున్నాడు. అందరి చేతా నోరు తెరిపించే మనిషి, తను మాత్రం అడిగినదానికే జవాబిస్తాడు. "అయిదేళ్లుగా నా దగ్గరుంది. ఒక్క గీత పడలేదు" అన్నాడు. అంతకు ముందు ఎవరిదో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

స్టార్ట్ చేశాడు. వీపు వెనక ఎవరో పెద్దమనిషి గొంతు సవరించుకున్నట్టయింది. అంతే, నా పని అయిపోయింది.

ఇలాంటి బండి ఇంతకు ముందు ఒక్కసారే చూశాను. అది పసుపుపచ్చది. ఇది నీలం.

రంగు మందం కొలిచే మీటరు పెట్టి చూశాను. అంతటా ఒకేలా ఉంది. ముందు ఎడమ చక్రం పైన రేకు దగ్గర మాత్రం కొంచెం ఎక్కువ చూపించింది. మీటరు బ్యాటరీ తగ్గినట్టుంది.

అమ్మాయి కూడా వచ్చింది. ముందు డిక్కీ తీసి, "నాన్నా, కార్పెట్ ఎత్తి చూడరా?" అంది.

"వానొచ్చేలా ఉంది తల్లీ, పద" అన్నాను.

ఏప్రిల్ 25

కొన్నాను.

మే 1

వారం రోజులుగా చిన్నపిల్లాణ్ణయిపోయాను. సిగ్నల్ దగ్గర ఆగితే బస్సులో వాళ్లు కిటికీల్లోంచి తొంగి చూస్తారు. బస్సు చక్రాలు నా ముఖం ఎత్తున ఉంటాయి. ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఒక ఎత్తు. దిగేటప్పుడు ముందు కాలు, తర్వాత చెయ్యి, చివరికి పరువు దించాలి.

బటన్లు జిగురుగా ఉన్నాయి. ఈ రకం బళ్లకి పదేళ్లు దాటితే ఆ ప్లాస్టిక్ మెత్తబడి వేళ్లకి అంటుకుంటుంది. దూదికి స్పిరిట్ అద్ది ఒక్కొక్కటే రెండు గంటలు తుడిచాను. ఆవిడ గుమ్మంలో నిలబడి చూసి, "పెళ్లయిన ఇన్నేళ్లలో నా వేళ్లు ఇంత శ్రద్ధగా ఒక్కసారైనా పట్టుకున్నారా?" అంది.

బ్రేకు వేస్తే ఒక పిసరు ఎడమకి లాగుతోంది. రోడ్డు వాలు.

మే 6

రోడ్డు వాలు కాదు. టైర్లు. గాలి సరిచేయించాను.

మే 8

టైర్లు కూడా కాదు.

మే 11

పొద్దున స్టార్ట్ కాలేదు. బ్యాటరీ దిగింది. ఈ బండికి బ్యాటరీ ముందు డిక్కీలో, కార్పెట్ కింద ఉంటుంది. ఎత్తక తప్పలేదు.

మూడు చుక్కలు.

మే 11, మధ్యాహ్నం

మూడు చుక్కలు ఎవడైనా కొట్టుకోవచ్చు. నేనేమన్నా రాయించుకున్నానా?

పంచి తెచ్చి ఆనించాను. సరిగ్గా కూర్చుంది. ఒక చుక్క కొంచెం వంకర. ఒకసారి సిమెంటు గచ్చు మీద పడి ఆ మొన చితికింది, మార్చుకోలేదు. గోటితో గీకాను. నీలం కింద పసుపుపచ్చ.

మే 12

వాన.

మే 13

రాసుకుంటేనన్నా భారం దిగుతుందేమో. ఎవరు చదువుతారు గనక.

తొమ్మిదేళ్ల కిందట. పసుపుపచ్చ కారు వంతెన గోడకి కొట్టుకుంది. ఎడమ వైపు ఛాసిస్ వంగింది. సాగదీసి నిటారు చేయొచ్చు గానీ దానికి మళ్లీ ఆ బలం రాదు. గట్టిగా బ్రేకు పడితే బండి అటువైపే పోతుంది. నేర్చుకునే కుర్రాడిక్కూడా తెలిసే సంగతి. 'పూర్తి నష్టం' అని రాయాలి. రాస్తే కంపెనీ కారు విలువంతా ఇచ్చుకోవాలి. మా మేనేజరు తన గది తలుపు దగ్గరగా వేసి, "మరమ్మతు అవుతుందని రాసేయండి. మీరు రాస్తే ఎవరూ రెండోసారి చూడరు" అన్నాడు.

రాశాను. ఛాసిస్ మీద చుక్కలు కొట్టాను. ఆర్నెల్లకి చీఫ్ సర్వేయరు కుర్చీ ఇచ్చారు. ఆ కుర్చీలోనే మొన్నటిదాకా కూర్చున్నాను. కంచే చేను మేసిందని ఊళ్లో వాళ్ల గురించి ఎన్నిసార్లు అన్నానో.

అయినా తొమ్మిదేళ్లు తిరిగిందిగా. ఏం కాలేదుగా.

మే 14

చెవులాయన దగ్గరికి తీసుకెళ్లాను. నాకు తెలిసినవాళ్లలో నిజాయితీ గల మెకానిక్ ఈయనొక్కడే. స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకి, ఒక కొస చెవికి ఆనించి రోగం చెబుతాడు గనక ఆ పేరు. బండిని పైకెత్తి కింద చాలాసేపు ఉన్నాడు. చేతులు తుడుచుకుంటూ వచ్చి, "సార్, మీకు తెలియక కాదు కదా?" అన్నాడు.

"ఎంత వేగం వరకూ పర్లేదు?"

"అలా అడిగితే ఏం చెప్పను సార్? ఎనభై దాటకండి. నన్నడిగితే అసలు తీయకండి. ముఖ్యంగా వేరేవాళ్లకి ఇవ్వకండి."

ఇవ్వను అన్నాను.

మే 17

రేపు అమ్మాయికి సెలవు. "నాన్నా, ఒక్కసారి నేను నడుపుతా. రోజంతా పక్క సీట్లో కూర్చుని 'క్లచ్చు, క్లచ్చు' అని అరిచే బతుకు నాది. ఒక్కసారి నిజం బండి నడపనివ్వండి" అంది.

వద్దంటే ఎందుకని అడుగుతుంది. 'నెమ్మదిగా వెళ్దాం' అన్నాను. నేను పక్కనే ఉంటాను. ఎనభై దాటనివ్వను.

మే 18

అమ్మాయి ఎడమ చెయ్యి రెండుచోట్ల విరిగింది. మణికట్టు దగ్గరొకటి, మోచేతి కింద ఒకటి. ఆపరేషన్ అయింది. నాకు బెల్టు ఒరుసుకున్న గీత తప్ప ఏమీ లేదు.

మే 19

స్పీడు మీటరు నేను చూస్తూనే ఉన్నాను. డెబ్బై ఆరు. "ఇంత కారు కొని ఎడ్లబండిలా పోనివ్వమంటారేంటి నాన్నా" అని నవ్వుతోంది. ముందు వ్యాను ఉన్నట్టుండి ఆగింది. అమ్మాయి బ్రేకు వేసింది. స్టీరింగ్ నిటారుగానే ఉంది. నా కళ్లతో చూశాను, నిటారుగా ఉంది. బండి మాత్రం ఎడమకి తిరిగిపోయి రెయిలింగ్‌ని కొట్టింది.

అంబులెన్సులో అది ఏడుస్తూ, "సారీ నాన్నా. ఎంత ఇష్టపడి కొనుక్కున్నారు. పాడు చేసేశాను" అంది.

"పర్లేదు తల్లీ" అన్నాను.

పర్లేదు అన్నాను! దాన్ని నేను క్షమించాను!

మే 20

కంపెనీ సర్వేయరు వచ్చాడు. ఎవరో కాదు, టార్చి. నా దగ్గరే పని నేర్చుకున్నాడు. పట్టపగలు కూడా చేతిలో టార్చి లేకుండా బండి దగ్గరికి పోడు, అది నేర్పింది నేనే. యార్డులో నన్ను చూడగానే టార్చి జేబులో పెట్టేశాడు.

"మీరు చూసి కొన్న బండి సార్. మీరు చూశాక నేను చూసేదేముంటుంది? లోపల ఏమీ లేదు కదా?"

"ఏముంటుంది."

"అయితే డ్రైవింగ్ పొరపాటు అని రాసేస్తాను. అమ్మాయికి ఈ బండి కొత్త కదా. క్లెయిముకి ఇబ్బందేం ఉండదు."

డిక్కీ తీయలేదు, కార్పెట్ జోలికి పోలేదు. నేనతనికి అన్నీ నేర్పాను, నన్ను నమ్మడం కూడా నేనే నేర్పాను. కాఫీ తాగి వెళ్లాడు.

మే 22

డ్రైవింగ్ స్కూలు యజమానురాలు పళ్లు పట్టుకుని పరామర్శకి వచ్చింది. మంచి మనిషే. కుర్చీ అంచున కూర్చుని, "రిపోర్టులో నీ పొరపాటని ఉందమ్మా. నేర్పేవాళ్ల మీద అలాంటిది ఉంటే నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు ఊరుకోరు. నీ అంతట నువ్వే మానేశావంటే ఇంకోచోట చేరడానికి బాగుంటుంది. తీసేశారంటే లైసెన్సు మీద మచ్చ పడుతుంది" అంది.

ఆమె వెళ్లాక అమ్మాయి కంచం తెచ్చుకుని ఒళ్లో పెట్టుకుంది. కుడి చేత్తో దాన్ని స్టీరింగ్‌లా పట్టుకుంది. కుడి కాలితో నేలని తొక్కింది. మళ్లీ తొక్కింది. పది సార్లు.

"నేను తిప్పలేదనే గుర్తు. తిప్పానా నాన్నా? మీరు పక్కనే ఉన్నారుగా."

"ఆ కంగారులో ఎవరికి గుర్తుంటుందమ్మా."

మే 23

మేనేజరు రాయమంటే రాశాను. అందరూ రాస్తారు. నేను కాకపోతే ఇంకొకడు రాసేవాడు.

మే 25

అమ్మాయి కళ్లజోడు బండిలోనే ఉండిపోయిందట. తెచ్చుకుంటానని ఒక్కతే యార్డుకి వెళ్లింది. నేను తెస్తానన్నా వినలేదు. చాలాసేపటికి వచ్చింది. కళ్లజోడు పెట్టుకునే ఉంది. మోకాళ్లకి దుమ్ము. అన్నం వద్దంది.

ఎండ దెబ్బ అనుకుంటా.

మే 27

పొద్దున నేను గడ్డం గీసుకుంటుంటే వెనక వచ్చి నిలబడింది. అద్దంలో నన్నే చూస్తూ, "నాన్నా, ఆ బండిలో ముందే ఏదన్నా ఉందంటారా?" అంది.

"లేదమ్మా. ఉంటే నేను కొంటానా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడగని దానికి కూడా జవాబు చెప్పాను. చెంప తెగింది. అది దూది తెచ్చి అద్దింది.

మే 30

మళ్లీ అడిగింది. ఈసారి నా పక్కన సోఫాలో కూర్చుని, తల నా భుజానికి ఆనించి. "నాన్నా, మీకు ఏదన్నా గుర్తొస్తే నాకు చెప్తారు కదా?"

"చెప్తాను తల్లీ."

చిన్నప్పుడు కూడా ఇలాగే ఆనుకునేది. ఎంత బరువు తగ్గిపోయింది పిల్ల.

జూన్ 2

చెప్పాలి. చెయ్యి కట్టు విప్పాక చెబుతాను. ఇప్పుడు చెబితే కుంగిపోతుంది. దాని మంచికే.

జూన్ 3

ఆవిడ బట్టలు మడతపెడుతూ, నా వైపు చూడకుండానే అంది. "చెయ్యి విరిగింది దానికి. అది తినడం లేదంటే అర్థముంది. మీరెందుకు తినడం లేదు?"

"ఆకలి లేదు."

"తేలు కుట్టిన దొంగ కూడా మీకంటే బాగా నటిస్తాడు. నాకు చెప్పొద్దు. నాకు తెలుసుకోవాలని కూడా లేదు. చెప్పాల్సినవాళ్లకి చెప్పండి."

జూన్ 5

రాజీనామా రాస్తోంది. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కాగితం జారకుండా గాజు గ్లాసు బరువు పెట్టి, కుడి చేత్తో. భుజం మీంచి చదివాను. 'నా అజాగ్రత్త వల్ల' అనే దాకా వచ్చింది.

"అది రాయకు" అన్నాను.

"ఎందుకు నాన్నా?"

చెప్పేశాను. ఎలా చెప్పానో తెలియదు. పసుపుపచ్చ కారు, మేనేజరు గది, చుక్కలు, చెవులాయన మాట, నిటారుగా ఉన్న స్టీరింగ్, అన్నీ. తిరగామరగా చెప్పాను. అది పెన్ను మూత పెట్టి వింది.

తర్వాత అంది. "చుక్కలు నేను చూశాను నాన్నా. కళ్లజోడు కోసం వెళ్లిన రోజు. గుద్దినప్పుడే కార్పెట్ ఊడిపోయింది. వంకర చుక్క చూడగానే తెలిసింది."

నాకు కూర్చోవాలనిపించింది. కుర్చీ దాని పక్కనే ఉంది. కూర్చోలేకపోయాను.

"మరి నన్ను అడగలేదేం?"

"రెండుసార్లు అడిగాను."

గడియారం చప్పుడు వినిపిస్తోంది. ఆఫీసు వాళ్లిచ్చినదే.

"టార్చికి చూపించి ఉండొచ్చుగా. నీ ఉద్యోగం నిలబడేది."

"ఏమని చూపించను నాన్నా? ఇది మా నాన్న గుర్తు అనా?"

ఉత్తరం చింపుతుందనుకున్నాను. చింపలేదు. మడిచి సంచిలో పెట్టుకుంది. నా పిల్ల పదకొండు రోజులు నా తప్పు తన నెత్తిన పెట్టుకుని, నేను నోరు విప్పుతానేమోనని నా ముఖం చూస్తూ తిరిగింది. నేను దాని చేతి కట్టు విప్పే రోజు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

జూన్ 6

రిపోర్టు రాశాను. పాత ఫారాలు రెండు అలమరలో మిగిలున్నాయి.

నష్టానికి కారణం: తొమ్మిదేళ్ల కిందటి ప్రమాదంలో వంగిన ఎడమ ఛాసిస్. డ్రైవరు పొరపాటు లేదు. అప్పట్లో మరమ్మతు అవుతుందని తప్పుగా ధ్రువీకరించినది ఈ కింద సంతకం చేసిన సర్వేయరే. అభిప్రాయం: పూర్తి నష్టం.

ఆ రెండు మాటలు రాయడానికి అర నిమిషం పట్టింది. అప్పుడు కూడా అంతే పట్టేది.

టార్చికి ఫోన్ చేశాను. "సార్, ఇది పంపిస్తే మీ మీద కేసు పెడతారు. పింఛను ఆపుతారు. ఆలోచించుకోండి" అన్నాడు. గొంతులో భయం. తను కార్పెట్ ఎత్తి చూడని సంగతి కూడా బయటికొస్తుందని. చెవులాయన తను చూసింది రాసి సంతకం పెట్టి ఇస్తానన్నాడు. ఆవిడ ఫారం చేతిలోకి తీసుకుని చదివి, బల్ల మీద పెట్టి, వెళ్లి అన్నానికి పొయ్యి వెలిగించింది.

సంతకం చేసి, పంచి బయటికి తీశాను. సంతకం పక్కన చుక్కలు పెడదామని. ఎందుకో ఆ పని చేస్తే మనసు కుదుటపడుతుందనిపించింది. అమ్మాయి వచ్చి నా చేతి కింద నుంచి కాగితం లాక్కుంది. నిలబడే చదివింది. రెండోసారి చదివింది.

"ఒకటి రాయలేదు" అంది.

"అన్నీ రాశానమ్మా. నా తప్పని కూడా రాశాను."

"తొమ్మిదేళ్ల కిందటి తప్పు రాశారు. నాకు తాళాలిచ్చే ముందు మీకు తెలుసని రాయలేదు."

నిజమే. రాయలేదు. మర్చిపోయానని అనబోయాను. దాని ముఖం చూసి మానుకున్నాను. కాగితం తీసుకుని కింద రాశాను: 'ఈ సంగతి నాకు మే 11న తెలిసింది. నడపవద్దని మెకానిక్ మే 14న హెచ్చరించాడు. మే 18న మా అమ్మాయికి తాళాలిచ్చాను. తనకి చెప్పలేదు.' 'చెప్పలేదు' అన్నచోట సిరా అలుక్కుపోయింది.

అది మళ్లీ చదివింది. లోపలికి వెళ్లి సుత్తి తెచ్చి బల్ల మీద పెట్టింది. చిన్నప్పుడు పట్టుకున్న సుత్తే.

"ఇప్పుడు పెట్టండి చుక్కలు" అంది.

నాన్నా అనలేదు.